హెల్మెట్ పెట్టుకున్నాక వేగం ఎందుకు పెరిగింది?

ప్రశ్న: నా వయసు 41. మూడేళ్లుగా రోడ్ బైక్ (రోడ్డు మీద వేగంగా పోయే సైకిల్) తొక్కుతున్నాను. ఏడు నెలల కిందట ఒక దిగుడులో, మలుపు తిరుగుతూ ఇసుక మీద జారి పడ్డాను. మోచెయ్యి, తుంటి చెక్కుకుపోయాయి. అప్పుడు నెత్తిన హెల్మెట్ లేదు. తల నేలకు తగల్లేదు కాబట్టి బతికిపోయాను. ఇంట్లోవాళ్లు పట్టుబట్టడంతో హెల్మెట్, పసుపు ఫ్లోరసెంట్ జాకెట్, ముందూ వెనకా లైట్లు, గ్లోవ్స్, హ్యాండిల్‌బార్ చివర బిగించే అద్దం కొన్నాను. ఇప్పుడు రెండు సంగతులు నాకే అర్థం కావడం లేదు. అన్నీ తొడుక్కుని బయల్దేరితే అదే దిగుడులో మీటరు గంటకు 48 కిలోమీటర్లు చూపిస్తోంది. పడకముందు 42 దాటిన గుర్తు లేదు. రెండోది, మొన్న అద్దం వదులై ఊడిపోతే అది లేకుండానే వెళ్లాను. అరచేతులకు చెమట పట్టి, 20 నిమిషాలకే ఇంటికి తిరిగొచ్చేశాను. మాతో తొక్కే మిత్రుడు "హెల్మెట్ చూస్తే కార్లవాళ్లు ఇంకా దగ్గరగా వస్తారు, నీకేమో ధీమా ఎక్కువైంది, తీసి అవతల పెట్టు" అంటున్నాడు. అతని మాటలో నిజం ఉందా? నేనేం చెయ్యాలి?

జవాబు: హెల్మెట్ తియ్యకండి. ఈ ఒక్క మాట ముందే తేల్చుకుంటే మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను, అంటే గాయపడ్డ 64,000 మందికి పైగా సైక్లిస్టుల వివరాలను కలిపి లెక్క తీశారు. హెల్మెట్ ఉన్నవాళ్లకు తలకు తీవ్రమైన గాయం అయ్యే అవకాశం 69 శాతం తక్కువని తేలింది. మీ మిత్రుడి వాదనలో కొంత నిజం ఉంది, దానికి తర్వాత వస్తాం. అయితే ఆ నిజం హెల్మెట్ తీసేయడానికి సరిపడేంతది కాదు.

మీ ఉత్తరంలో మేము రెండుసార్లు చదివిన వాక్యం వేరే ఉంది. ఇసుక మీద జారి పడ్డానన్నారు. ఆ తర్వాత ఐదు వస్తువులు కొన్నారు. ఆ ఐదింటిలో ఏ ఒక్కటైనా ఆ రోజు మీ చక్రం జారకుండా ఆపేదా? హెల్మెట్ ఆపదు. జాకెట్‌నూ లైట్లనూ ఇసుక చూడదు. అద్దం వెనక వచ్చేదాన్ని చూపిస్తుంది, ఇసుక ముందుంది. గ్లోవ్స్ అరచేతి తోలును కాపాడతాయి, అదీ పడ్డాకే. అంటే మీరు పడిన కారణం అలాగే ఉంది, దానికి మందు పడలేదు. ధైర్యం మాత్రం వచ్చేసింది. మీ 48కీ, మీ చేతి చెమటకూ మూలం ఇదే.

సైకిల్ మీద ఉండే రక్షణ సరంజామాను మనసులో రెండు గుంపులు చేసుకోండి. బ్రేకులు, టైర్లు, లైట్లు, రిఫ్లెక్టర్లు, అద్దం, కళ్లజోడు పడకముందు పనిచేసేవి. హెల్మెట్, గ్లోవ్స్ పడ్డాక పనిచేసేవి. మొదటి గుంపు బాగుంటే ఆ మేరకు కాస్త నమ్మకంగా తొక్కడంలో తప్పు లేదు. మంచి బ్రేకు ఉన్నవాడు నిజంగానే త్వరగా ఆగగలడు. రెండో గుంపు మీ వేగంలోకి అసలు రాకూడదు. హెల్మెట్‌కు పని పడిందంటేనే అంతకుముందు ఏదో లెక్క తప్పిందని అర్థం. చిక్కేమిటంటే మనసు ఈ రెండింటినీ విడదీయదు. తలకు బిగుతుగా పట్టీ తగలగానే, ఒంటి మీద మెరిసే జాకెట్ పడగానే "ఈ రోజు పూర్తిగా సిద్ధం" అనే ఒకే భావం కలుగుతుంది. ఆ భావం నేరుగా కాళ్లలోకి దిగుతుంది.

42కీ 48కీ తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. ప్రమాదం కనబడ్డాక బ్రేకు పట్టడానికి మామూలుగా ఒక సెకను పడుతుంది. గంటకు 42 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో 11.7 మీటర్లు పోతారు. ఆ తర్వాత పొడి చదును రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా పడితే మరో 14 మీటర్లలో ఆగుతారు. మొత్తం సుమారు 25.5 మీటర్లు. అదే 48లో సెకనుకు 13.3, బ్రేకుకు 18, మొత్తం 31.5. ఆరు మీటర్లే కదా అనిపిస్తుంది. అసలు సంగతి ఇంకోవైపు నుంచి చూడాలి. 42తో వచ్చినవాడు పూర్తిగా ఆగి కాలు నేల మీద పెట్టిన చోట, 48తో వచ్చినవాడు ఇంకా గంటకు 27 కిలోమీటర్ల మీద ఉంటాడు. అడ్డంగా ఏదైనా ఉంటే దానికి 27తో కొట్టుకుంటాడు. దిగుడులో ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి. మలుపులో పక్కకు తోసే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 42 నుంచి 48కి వెళ్తే టైరు పట్టు మీద భారం 30 శాతం ఎక్కువవుతుంది. ఇసుక మీద ఆ పట్టు అసలే అంతంతమాత్రం.

హెల్మెట్‌ను ఏ దెబ్బకు పరీక్షిస్తారో తెలిస్తే మీటరు మీద 48 చూసినప్పుడు చెయ్యి దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 ప్రకారం హెల్మెట్ తొడిగిన నమూనా తలను చదునైన ఇనుప దిమ్మె మీదికి సెకనుకు 5.42 మీటర్ల వేగంతో పడేస్తారు. అంటే సుమారు 1.5 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డట్టు, గంటకు 19.5 కిలోమీటర్లు. ఫుట్‌పాత్ అంచు ఆకారంలో ఉన్న దిమ్మె మీదికైతే 4.57 మీటర్లే. అమెరికా ప్రమాణంలో చదును దిమ్మెకు వేగం కొంచెం ఎక్కువ, సుమారు 2 మీటర్ల ఎత్తుకు సమానం. సైకిల్ మీద కూర్చున్న మనిషి తల ఎత్తు నుంచి నేలకు పడడమే ఆ పరీక్షలో ఉంది. మీరు 48లో ఉన్నా, జారి పక్కకు పడితే తల నేలకు తగిలే నిలువు వేగం దాదాపు ఆ పరిధిలోనే ఉంటుంది, మిగతాది రోడ్డు మీద జారిపోతుంది. అందుకే వేగంగా పోయేవాళ్లకూ హెల్మెట్ పనికొస్తోంది. కానీ అదే వేగంతో గోడనో, రెయిలింగునో, ఎదురు వాహనాన్నో కొట్టుకుంటే లోపలి థర్మోకోల్ పొర నలిగిపోవడానికి ఉన్న మందం రెండు మూడు సెంటీమీటర్లే. దిగుడు మలుపు బయటి అంచున ఏముందో ఈసారి వెళ్లినప్పుడు చూడండి.

ఇక మీ మిత్రుడి సంగతి. కార్లు దగ్గరగా వస్తాయన్న మాట గాలిలోంచి పుట్టింది కాదు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2006లో సైకిల్‌కు దూరం కొలిచే సెన్సరు బిగించుకుని, హెల్మెట్‌తో కొన్నిసార్లు, లేకుండా కొన్నిసార్లు తొక్కాడు. 2,300 పైచిలుకు ఓవర్‌టేకులు కొలిచాడు. హెల్మెట్ ఉన్నప్పుడు వాహనాలు సగటున 8.5 సెంటీమీటర్లు దగ్గరగా వెళ్లాయి. పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుంటే ఇంకా ఎడం ఇచ్చాయి! ఆ లెక్కనే 2013లో వేరే పరిశోధకులు తిరగదోడి, నిజంగా ప్రమాదకరమైన దూరంలో, అంటే మీటరు లోపు వచ్చిన వాహనాల విషయంలో హెల్మెట్ వల్ల తేడా కనబడడం లేదన్నారు. వాదోపవాదాలు ఆ తర్వాతా సాగాయి. వాకరే ఆ తర్వాత రకరకాల దుస్తులతో మరో ప్రయోగం చేశాడు. 2014లో వెలువడిన ఆ ఫలితం మీకు ఎక్కువ పనికొస్తుంది. సైక్లిస్టు ఏం వేసుకున్నా సరే, నూటికి ఒకరిద్దరు డ్రైవర్లు అర మీటరు లోపలి నుంచే దూసుకుపోయారు. ఆ ఒకరిద్దరిని మీ జాకెట్ మార్చలేదు, హెల్మెట్ తీసినా మారరు.

ధీమా పెరుగుతుందన్న మాటకు వస్తే, 2016లో వాకర్ మరో పరిశోధకుడితో కలిసి 80 మందిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కంటి చూపు కొలిచే పరికరాన్ని తగిలించడానికేనని చెప్పి కొందరికి హెల్మెట్, కొందరికి మామూలు టోపీ పెట్టించాడు. తెర మీద బెలూన్ ఊదుతూ, పగిలేలోపు ఆపుకోవాల్సిన ఆట అది. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు ఎక్కువ తెగించారు. ఆ ఆటలో హెల్మెట్‌కు చేసే పనే లేదు, అదే విడ్డూరం. కానీ గదిలో ఆట వేరు, రోడ్డు వేరు. ఈ విషయం మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ 2019లో ఒకచోట చేర్చి చూసినప్పుడు, హెల్మెట్ వల్ల జనం ప్రమాదకరంగా తొక్కుతారనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కాబట్టి ఇది అందరికీ వర్తించే సూత్రమేమీ కాదు. మీ విషయంలో మాత్రం జరిగినట్టుంది, మీటరే చెబుతోంది.

మీ రెండో ఇబ్బందికి, అంటే అద్దం లేని రోజు చెమటకు, నార్వేలో చేసిన ఒక ప్రయోగం దగ్గరగా ఉంది. హెల్మెట్ అలవాటున్నవాళ్ల చేత హెల్మెట్ లేకుండా దిగుడులో తొక్కిస్తే నెమ్మదించారు. అలవాటు లేనివాళ్లకు హెల్మెట్ పెడితే వేగం పెరగలేదు. 2011లో వచ్చిన పని అది. ఒక వస్తువు అలవాటయ్యాక మనసు దాన్ని "ఉండాల్సింది" కింద రాసుకుంటుంది. ఉన్నప్పుడు గుర్తుండదు, లేనప్పుడు లోటు గుచ్చుకుంటుంది. మీ అద్దం అలా పనిముట్టు స్థాయి దాటి తాయెత్తు అయి కూర్చుంది. తాయెత్తు తెగితే ఎంత భయమో మనకు తెలిసిందే.

ఇప్పుడు చెయ్యాల్సినవి. అన్నిటికంటే ముందు ఆ మలుపు దగ్గరికి వెళ్లండి. సైకిల్ పక్కన పెట్టి నడవండి. వాహనాలు తక్కువగా ఉండే పొద్దున పూట అయితే మేలు. దిగుతూ వచ్చే వైపు నుంచి చూస్తే మలుపు ఎంత మేర కనబడుతోందో అడుగులతో కొలవండి. పెద్దవాళ్ల మామూలు అడుగు ముప్పావు మీటరు ఉంటుంది, 27 అడుగులంటే 20 మీటర్లు. అంతే కనబడుతోందనుకుంటే, అంతలోపల ఆగగలిగే వేగమే ఆ మలుపుకు మీ గరిష్ఠ వేగం. వాలులో 30తో వస్తే సుమారు 16, 17 మీటర్లలో ఆగుతారు, అదీ సైకిల్ నిటారుగా ఉంటేనే. 35 అయితే దాదాపు మొత్తం 20 మీటర్లూ కావాలి. మలుపులో వాలి ఉన్న సైకిల్‌కు బ్రేకు గట్టిగా పట్టే వీలుండదు కాబట్టి అలాంటి చోట 30 దాటకండి. 48 అనేది ఆ లెక్కలో ఎక్కడా లేదు.

నడుస్తున్నప్పుడే ఇసుక ఎక్కడ చేరిందో కూడా చూడండి. కార్ల చక్రాలు రోజూ నడిచే రెండు బాటలు శుభ్రంగా ఉంటాయి. ఆ రెండింటి మధ్య, ఇంకా రోడ్డు అంచున చిన్న కంకర, ఇసుక పేరుకుంటాయి. వాన పడ్డ మర్నాడు పై నుంచి కొట్టుకొచ్చిన మట్టి మలుపు లోపలి అంచున పొరలా ఉంటుంది. భయపడ్డ సైక్లిస్టు ఏం చేస్తాడంటే వాహనాలకు దూరంగా అంచుకు, ఇంకా అంచుకు జరుగుతాడు. అంటే సరిగ్గా ఇసుక ఉన్న చోటికే వెళ్తాడు. అంచు నుంచి కనీసం 75 సెంటీమీటర్లు, వీలైతే మీటరు ఎడంగా, శుభ్రంగా ఉన్న చక్రాల బాటలో తొక్కండి. ఆగి ఉన్న కార్ల పక్కన పోతుంటే తలుపు తెరిచినా తగలనంత, అంటే మీటరున్నర దూరం ఉంచండి. అంచును పట్టుకుని పాకితే వెనకవాళ్లకు "ఇక్కడ పట్టేంత చోటుంది" అన్న సంకేతం ఇచ్చినట్టు కావచ్చు. 

వేగం తగ్గించే పని మలుపులోకి వెళ్లకముందే పూర్తి కావాలి. నిటారుగా ఉండగానే రెండు బ్రేకులతో 30 లోపుకు దించి, వేళ్లు బ్రేకు లివర్ల మీదే ఉంచి, బిగింపు వదిలి మలుపు తిరగండి. బయటి వైపు పెడల్ కిందికి తెచ్చి దాని మీద బరువు వెయ్యండి. చూపు మలుపు బయటికి వెళ్లే చోట ఉండాలి. చక్రానికి రెండు మీటర్ల ముందు చూస్తుంటే, ఇసుక కనబడేసరికి మీరు దాని మీదే ఉంటారు. అయినా ఇసుక ఎదురైందనుకోండి, మూడు పనులు చెయ్యకూడదు: బ్రేకు పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, పెడల్ తొక్కకూడదు. సైకిల్‌ను నిటారుగా లేపి, ఇసుక మీద నుంచి తిన్నగా దొర్లనిచ్చి, దాటాక మళ్లీ వంచండి. ఇలా చెయ్యాలంటే పక్కన చోటు మిగిలి ఉండాలి. ఆ చోటు 30లో ఉంటుంది, 48లో ఉండదు.

టైరు గాలి సంగతి ఒక్క ముక్క. వీలైనంత గట్టిగా కొట్టించడం పాత అలవాటు. 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 65 నుంచి 75 పీఎస్ఐ చాలు. రాయిలా బిగిసిన టైరు చిన్న గులకరాళ్ల మీద ఎగురుతుంది, పట్టదు. టైరు పక్కన అచ్చు వేసిన హద్దులు మాత్రం దాటకండి.

తర్వాత బ్రేకు సాధన. నిజమైన నమ్మకం పుట్టేది ఇక్కడే కాబట్టి దీనికి రెండు ఆదివారాలు కేటాయించండి. పొడిగా, ఖాళీగా, చదునుగా ఉన్న చోట సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గియ్యండి. 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ముందు చక్రం గీత దాటగానే బ్రేకు పట్టండి. ఆగిన చోట మరో గుర్తు. ఇలా పదిసార్లు. బాగా పడితే మూడు, మూడున్నర మీటర్లలో ఆగాలి. తర్వాత 25, ఆ తర్వాత 30. ముప్పైలో ఏడెనిమిది మీటర్లు వస్తే మంచి పట్టు. పది దాటుతోందంటే మీరు ముందు బ్రేకుకు భయపడి వెనకదాని మీదే ఆధారపడుతున్నట్టు, లేదా ప్యాడ్లు అరిగిపోయినట్టు. వెనక బ్రేకు ఒక్కటే పడితే దూరం దాదాపు రెట్టింపవుతుంది. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రానికి పట్టు మిగలదు, అందుకే అది కీచుమంటూ జారుతుంది.

ముందు బ్రేకు పడితే తిరగబడి ముందుకు పడతామన్న భయం చాలామందికి ఉంటుంది. తిరగబడేది బ్రేకు వల్ల కాదు, శరీరాన్ని వెనక్కి జరపకుండా ఒక్కసారిగా లివరు లాగడం వల్ల. లివరును నిమ్మకాయ పిండినట్టు, మొదట మెల్లగా, ఆ తర్వాత గట్టిగా పిండండి. అదే క్షణంలో పిరుదులు సీటు వెనక్కి జరగాలి, మడమలు కిందికి దిగాలి, మోచేతులు బిగుసుకోకూడదు. వెనక చక్రం తేలికై జారడం మొదలైతే ముందు లివరు ఒక వెంట్రుక మందం వదలండి. పది ప్రయత్నాల్లో ఈ వదిలే క్షణం చేతికి తెలిసిపోతుంది. తెలిశాక వాలులో మీకు ఉండే ధైర్యం వేరు, జాకెట్ ఇచ్చిన ధైర్యం వేరు. మొదటిదానికి అంకె ఉంటుంది: "ముప్పైలో నేను ఏడున్నర మీటర్లలో ఆగుతాను." రెండోదానికి ఏ అంకే ఉండదు.

జాకెట్ పనికిరాదనలేదు సుమా. డెన్మార్కులో సుమారు 6,800 మందితో ఏడాది పాటు ప్రయోగం చేశారు. పసుపు జాకెట్ వేసుకున్న సగంమందికి, ఇతర వాహనాలతోనో మనుషులతోనో ఢీకొని గాయపడ్డ ప్రమాదాలు 47 శాతం తక్కువ జరిగాయి. జాకెట్ వచ్చినవాళ్లు ప్రమాదాలు తక్కువగా నివేదించారేమోనన్న అనుమానంతో సరిదిద్దాక కూడా 38 శాతం. పగలూ రాత్రీ వెలిగే లైట్లతో అదే దేశంలోని ఒడెన్సే నగరంలో జరిగిన మరో ప్రయోగంలో గాయాల ప్రమాదాలు 19 శాతం తగ్గాయి. ఇవి మొదటి గుంపు వస్తువులు, పడకముందు పనిచేస్తాయి.

అయితే ఫ్లోరసెంట్ రంగు మెరిసేది ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల. పొద్దు గూకాక ఆ మెరుపు ఉండదు, అది మామూలు లేత రంగు గుడ్డే. రాత్రి కావాల్సింది రిఫ్లెక్టివ్ పట్టీలు, అవి కూడా ఎక్కడున్నాయన్నది ముఖ్యం. ఆస్ట్రేలియాలో 2012లో వచ్చిన అధ్యయనంలో డ్రైవర్లను రాత్రిపూట కారు నడపమని, సైక్లిస్టు కనబడితే చెప్పమని అడిగారు. ఫ్లోరసెంట్ జాకెట్ ఉన్నవాళ్లను 15 శాతం సార్లే గుర్తించారు. రిఫ్లెక్టివ్ జాకెట్ అయితే 50 శాతం. దానికి మోకాళ్ల దగ్గర, చీలమండల దగ్గర పట్టీలు చేర్చగానే 90 శాతం. కారణం సులువు. ఛాతీ మీద మెరుపు కదలదు, అది సైన్‌బోర్డూ కావచ్చు, డ్రమ్మూ కావచ్చు. పైకీ కిందికీ గుండ్రంగా తిరిగే రెండు మెరుపులు మాత్రం మనిషి కాళ్లే అయ్యుండాలి, మెదడు దాన్ని క్షణంలో పట్టేస్తుంది. రెండు చీలమండల పట్టీలు కొనండి, మీ సరంజామాలో లేనిది అదొక్కటే.

లైట్ల విషయంలో జరిగే పొరపాటు మనకు కనబడదు, వెనకవాళ్లకే కనబడుతుంది. ఒక సాయంత్రం సైకిల్‌ను గోడకు ఆనించి, లైట్లు వెలిగించి, మీ జాకెట్‌నూ సీటు కింద సంచినీ మామూలుగా ఉండే చోటే ఉంచి, ఎవరినైనా సీటు మీద కూర్చోబెట్టి వంద మీటర్లు వెనక్కి నడవండి. జాకెట్ అంచు టెయిల్ లైట్ మీద వేలాడుతోందా? లైటు నేలను చూస్తోందా? చాలా సైకిళ్ల మీద ఈ రెండింటిలో ఒకటి ఉంటుంది. వెనక లైటు రోడ్డుకు సమాంతరంగా ఉండాలి. ముందు లైటు మాత్రం కాస్త కిందికి, లేకుంటే ఎదుటివాళ్ల కళ్లల్లో కొడుతుంది.

ఇంత చేసినా, మీరు కనబడుతున్నారని అనుకోవడం మొదలుపెట్టిన క్షణమే జాకెట్ మీకు ఎదురు తిరుగుతుంది. డ్రైవరు మీ వైపు చూసినంత మాత్రాన మిమ్మల్ని చూసినట్టు కాదు. పక్క రోడ్డు నుంచి కారు వస్తుంటే అతని ముఖం చూడకండి, ముందు చక్రం చూడండి. చక్రం ఆగిందంటేనే ఆగినట్టు. అది ఇంకా మెల్లగా దొర్లుతుంటే, వేళ్లు లివర్ల మీదికి వెళ్లాలి.

అద్దం మళ్లీ బిగించుకోండి, కానీ అంతకుముందు దాన్ని పక్కన పెట్టి వారం రోజులు ఒక సాధన చెయ్యండి. ఖాళీ చోట తిన్నని గీత వెంట మెల్లగా తొక్కుతూ, గడ్డాన్ని భుజానికి ఆనించినట్టు తిప్పి ఒక సెకను వెనక్కి చూసి, మళ్లీ ముందుకు చూడండి. మొదట్లో సైకిల్ చూసిన వైపే లాగుతుంది, భుజాలు కూడా తిరుగుతున్నాయన్నమాట. తిప్పే వైపు చెయ్యి హ్యాండిల్ నుంచి తీసి తొడ మీద పెట్టుకుంటే లాగడం తగ్గుతుంది. గీతకు అటూ ఇటూ జానెడు లోపు ఉండగలిగితే చాలు. రెండు వైపులా రోజుకు ఇరవై సార్లు. మీకు చెమట పట్టింది అద్దం లేక కాదు, అద్దం వచ్చాక వెనక్కి తిరిగి చూసే అలవాటు పోయినందుకు. అది తిరిగొస్తే అద్దం మళ్లీ పనిముట్టే అవుతుంది. మరొకటి, ఈ అద్దాలు ఎక్కువగా ఉబ్బెత్తువి, వాటిలో వాహనం అసలు దూరం కంటే దూరంగా కనబడుతుంది. లేన్ మారే ముందు అద్దంలో చూడండి, ఆ తర్వాత తల తిప్పి చూడండి, రెండూ. ఇక అదేపనిగా అద్దాన్నే చూస్తూ వెనక ప్రతి కారునూ లెక్కపెడుతున్నారేమో కూడా గమనించుకోండి. 30 వేగంలో ఒక్క సెకను చూపు ముందు నుంచి తప్పితే ఎనిమిది మీటర్లు గుడ్డిగా పోయినట్టే.

మీకు ఎక్కువున్నది ధీమానో భయమో రోడ్డు మీదే తెలుసుకోవడానికి చేతులు చూసుకుంటే చాలు. దిగుడు మొదలైనా వేళ్లు లివర్లకు దూరంగా ఉన్నాయంటే ధీమా మితిమీరింది. మోచేతులు కర్రల్లా బిగిసి, భుజాలు చెవుల దాకా వచ్చి, ఊపిరి ఆగిపోయిందంటే భయం. బిగిసిన చేతుల్లోంచి రోడ్డు కుదుపు నేరుగా హ్యాండిల్‌కు చేరుతుంది, వేగంలో ఒక్కోసారి ముందు చక్రం వణకడం మొదలవుతుంది. అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకోకండి. ఒక మోకాలిని ఫ్రేము పై గొట్టానికి ఆనించి నొక్కి, పట్టు కొంచెం వదిలి, వెనక బ్రేకుతో మెల్లగా వేగం దించండి. మామూలు భయానికైతే గట్టిగా ఒక ఊపిరి వదిలి, వేళ్లను హ్యాండిల్ మీద హార్మోనియం మెట్లలా ఆడించండి. వేళ్లు కదిలితే మోచేతులు వాటంతటవే సడలుతాయి.

హెల్మెట్ తొడిగే తీరు చెప్పనక్కర్లేదేమో, అయినా ఒకసారి అద్దం ముందు చూసుకోండి. కనుబొమల మీద రెండు వేళ్ల ఎత్తు కంటే పైకి ఉండకూడదు. పట్టీలు చెవి కింద కలవాలి. గడ్డం కింద ఒక వేలు పట్టాలి, నోరు పెద్దగా తెరిస్తే హెల్మెట్ కొంచెం కిందికి లాగినట్టు అనిపించాలి. నుదుటి నుంచి వెనక్కి తోస్తే జారిపోయే హెల్మెట్ లేనట్టే లెక్క. ఒకసారి గట్టి దెబ్బ తగిలాక, పైకి పగులు కనబడకపోయినా మార్చాల్సిందే, నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు.

మీరు రాయని సంగతి ఒకటుంది. పడ్డ తర్వాత సైకిల్‌ను ఎవరికైనా విప్పి చూపించారా? తుంటి చెక్కుకుపోయేంత పడితే హ్యాండిల్‌బార్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, వెనక గేరు వేలాడే చిన్న హుక్కు దెబ్బతిని ఉండొచ్చు. హుక్కు లోపలికి వంగితే, వెనక అతి పెద్ద పళ్లచక్రం మీద ఉన్నప్పుడు చైను చువ్వల్లోకి పోవచ్చు. కార్బన్ హ్యాండిల్‌బార్ అయితే దానికి చుట్టిన టేపు కింద పగులు బయటికి కనబడదు. టేపు మొత్తం విప్పించి, లివర్లు బిగించిన చోటా, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ను సైకిల్‌కు కలిపే ముక్క) పట్టుకున్న చోటా గోటితో గీకి చూడమనండి. పొరలు లేచినట్టున్నా, నొక్కితే మెత్తగా ఉన్నా, తట్టినప్పుడు మిగతా చోట్లలా ఖంగుమనకుండా బొంగురుగా పలికినా మార్చేయమనండి. అది తేలేదాకా ఆ దిగుడు వైపు వెళ్లకండి.